టోపీ బండి, బోడి బండి

ఆదివారం పొద్దున్నే వెర్లీన్ పొయ్యి మీద గ్రేవీ కలుపుతోంది. ఓవెన్లో రొట్టెలు పొంగుతున్నాయి. బల్ల దగ్గర హార్లన్ ఎడంచేత్తో కాఫీ కప్పు పట్టుకుని కూర్చున్నాడు గానీ, చూపంతా మిరియాల సీసా కింద పెట్టిన కాగితం మీదే ఉంది. పక్షవాతం వచ్చి తొమ్మిది నెలలు అయింది. మాట తిరిగొచ్చింది, బుద్ధి ఎక్కడికీ పోలేదు. కుడి చెయ్యీ, కుడి కాలూ మాత్రం ఇంకా చెప్పిన మాట వినడం లేదు.

ఆ కాగితం క్లబ్బు వాళ్ళది. మే నెలలో ఎల్ మిరాజ్ ఎండు చెరువు మీద జరిగే కార్ల పరుగుకి పేరిచ్చే కాగితం. నలభై మూడేళ్ళుగా ఏటా మార్చిలో అది ఆ సీసా కిందకే వస్తుంది. నలభై రెండు సార్లు 'నడిపేవారు' అన్నచోట హార్లన్ పేరు రాసుంది. ఈసారి అక్కడ వెర్లీన్ పేరుంది. నీలం సిరాతో, గట్టిగా నొక్కి రాసింది. కాగితం తిప్పినా అక్షరాలు చేతికి తగులుతాయి.

దాని కింద ఒక గడి ఖాళీగా ఉంది. బండికి టాప్ ఉందా, లేదా?

ఆ ఇంట్లో అది చిన్న ప్రశ్న కాదు. వెనక షెడ్డులో ఛాసిస్ ఒకటే, ఇంజను ఒకటే. బాడీలు మాత్రం రెండు. రెండూ పంతొమ్మిది వందల ముప్పై రెండు నాటి ఫోర్డు కార్లవి. ఒకదానికి టాప్ ఉంది, దాన్ని కోసి జానెడు కిందకి దించారు. రెండోదానికి టాపే లేదు, ఆకాశమే టాపు. కొడుకు రాయిస్ చిన్నప్పుడు వాటికి టోపీ బండి, బోడి బండి అని పేర్లు పెట్టాడు. ఆ పేర్లే ఉండిపోయాయి. ఏది కావాలంటే అది గొలుసు కప్పీతో ఎత్తి ఛాసిస్ మీద దించి, బోల్టులు బిగించి పట్టుకెళ్ళాలి.

"టోపీది వెయ్యి," అన్నాడు హార్లన్.

"ముందు తిను."

"తింటాను. తిన్నాక కూడా అదే అంటాను."

"అను. నోరు నీది, గడి నాది," అంటూ వెర్లీన్ పళ్ళెం అతని ముందు పెట్టి, రొట్టెని రెండుగా విరిచి మీద గ్రేవీ పోసింది. రొట్టె విరిచి పెట్టినందుకు మొదట్లో అతను అలిగేవాడు. ఇప్పుడు అలగడం మానేశాడు. అలిగితేనే బాగుండేదని ఆమెకి అనిపిస్తుంటుంది.

బయట ట్రక్కు ఆగిన చప్పుడైంది. తలుపు కొట్టకుండానే రాయిస్ లోపలికొచ్చాడు. వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు, నలభై ఆరేళ్ళవాడు. ఆయిల్‌డేల్ చుట్టుపక్కల నూనె బావుల పంపులు బాగుచేస్తాడు. వెనకే అతని కూతురు టెస్సా వచ్చింది. మొహం చూస్తే తెలిసిపోతోంది, రహస్యం బయటపెట్టింది ఆ పిల్లేనని.

"సారీ నానమ్మా. నోరు జారాను," అంది టెస్సా.

"తలుపు వెయ్యి, ఈగలొస్తాయి," అంది వెర్లీన్.

"అమ్మా, నిజమేనా ఇది?" అన్నాడు రాయిస్.

"కాగితం అక్కడే ఉంది. చదువుకో. బళ్ళో వేశాం కదా నిన్ను."

రాయిస్ చదివాడు. తిప్పి మళ్ళీ చదివాడు. "నీకు డెబ్బై ఒకటి అమ్మా!"

"తెలుసు. నేను పుట్టిన రోజున నేనూ అక్కడే ఉన్నాను."

"నీ తుంటి ఎముక మార్చారు."

"దాని వయసు నాలుగేళ్ళు. నా ఒంట్లో అన్నిటికన్నా చిన్నది అదే."

టెస్సా నవ్వబోయి, నాన్న మొహం చూసి ఆపుకుంది. రాయిస్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. చిన్నప్పటి నుంచీ అంతే, అరుపు పనిచెయ్యకపోతే బతిమాలుతాడు.

"ఇన్నేళ్ళూ నెట్టావు కదమ్మా. అది చాలదా?"

నెట్టడమంటే ఆ ఇంట్లో వేరే చెప్పక్కర్లేదు. ఆ బళ్ళకి పరుగు కోసం వేసే గేరు పెద్దది. ఉన్నచోట నుంచి తమంతట తాము కదల్లేవు. వెనక నుంచి ఒక ట్రక్కు బంపరు ఆనించి నలభై, యాభై మైళ్ళ వేగం దాకా నెట్టాలి. అప్పుడు ఇంజను అందుకుంటుంది. ట్రక్కు పక్కకి తప్పుకుంటుంది, బండి దుమ్ములో కలిసిపోతుంది. ఆ క్లబ్బులో మగవాళ్ళు బళ్ళు నడుపుతారు, పెళ్ళాలు ట్రక్కులు నడుపుతారు. అలా అని ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు, అయినా అంతే.

"నలభై రెండేళ్ళు నెట్టాను. ఇప్పుడు నన్నెవరైనా నెట్టండి," అంది వెర్లీన్.

"నేను నెడతాను. మాటిచ్చాను," అంది టెస్సా.

"నువ్వు నోర్ముయ్!" అన్నాడు రాయిస్. తర్వాత తండ్రి వైపు తిరిగాడు. "నువ్వేమంటావు నాన్నా? ఊరికే కూర్చున్నావేం?"

హార్లన్ కప్పు కింద పెట్టాడు. "వెళ్ళనీ. కానీ టోపీదాంట్లో వెళ్ళాలి."

"అదీ మాట! వెళ్ళక తప్పదంటే టోపీదాంట్లో వెళ్ళమ్మా. ఆ రోజు నాన్నని బతికించింది ఆ టాపే కదా. మర్చిపోయావా?"

వెర్లీన్ గరిట పక్కన పెట్టి చేతులు తుడుచుకుంది.

ఆ కథ ఆ ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. ముప్పై ఆరేళ్ళ కిందటి మాట. టోపీ బండి మంచి వేగంలో దూరంగా పోతుండగా, సీటు పక్కనుండే, ఇంజనుని చల్లబరిచే నీళ్ళ ట్యాంకు గొట్టం ఊడింది. మరిగే నీళ్ళు హార్లన్ కుడికాలి మీద పడ్డాయి. బండి రెండు చుట్లు తిరిగింది. నెత్తిన టాప్ ఉంది కాబట్టి తల దక్కింది. అలా అని హార్లన్ చెప్పాడు. దుమ్ములో ఎవరూ చూడలేదు. ఆ కాలు మోకాలి నుంచి చీలమండ దాకా ఇప్పటికీ మైనం పూసినట్టు మెరుస్తుంటుంది. ఆ ఏడాది నుంచి బోడి బండి దూలం మీద నుంచి దిగలేదు. ఏటా వెర్లీన్ బోడిది అనడం, హార్లన్ టోపీది అనడం, టోపీదే వెళ్ళడం.

"మర్చిపోలేదు. షెడ్డులోకి పదండి. నీ టోపీదాంట్లోనే కూర్చుంటాను. కూర్చున్నాక మాట్లాడదాం," అంది వెర్లీన్.

షెడ్డులో పొద్దుటి వెలుగు ఇంకా పూర్తిగా పడలేదు. ఛాసిస్ మీద టోపీ బండి ఉంది. పైన దూలానికి బోడి బండి గొలుసులతో వేలాడుతోంది, దుప్పటి కప్పి. టోపీదాని టాపు మీద రంగు లేదు. బూడిద రంగు రేకు బయటపడి ఉంది. జనవరిలో కొత్త రంగు వేద్దామని వెర్లీనే ఎమరీ పేపరు పట్టుకుని మొదలుపెట్టింది. ఒకరోజు మధ్యలో ఆపేసింది. ఎందుకు ఆపిందో ఎవరూ అడగలేదు.

ఆమె హెల్మెట్ పెట్టుకుంది, తొడుగులు వేసుకుంది. తలుపులోంచి ముందు ఒక కాలు పెట్టి, తల వంచి, ఇనప కడ్డీల మధ్య నుంచి ఒంటిని లోపలికి లాగింది. తుంటి పట్టేసింది. రాయిస్ చెయ్యి అందించబోతే, "వద్దు. ముట్టుకోకు," అంది. ఎలాగో దిగి సీట్లో కూర్చుంది.

"బయటికి రావడానికి ఇంతకి రెట్టింపు పడుతుంది. పరుగుకి ముందు అధికారులు గడియారం పట్టుకుని చూస్తారు కదా, నిప్పంటుకుంటే ఎంతలో బయటపడతావని? ఏం చెప్తావు వాళ్ళకి? తుంటి వయసు నాలుగేళ్ళని చెప్తావా?" అన్నాడు రాయిస్.

"ఆ లెక్కన నీ టోపీది నన్ను మింగి కూర్చుంటుంది. చూస్తున్నావుగా. సరే, తలుపు వెయ్యి టెస్సా. రాయిస్, నువ్వు వెనక్కి వెళ్ళు. ట్రక్కు బంపరు ఎక్కడుంటుందో అక్కడ నిలబడు."

"ఎందుకు?"

"అమ్మ చెప్తే చెయ్యాలి."

రాయిస్ గొణుక్కుంటూ వెళ్ళి నిలబడ్డాడు. హార్లన్ గుమ్మం దగ్గర చేతికర్ర మీద వాలి చూస్తున్నాడు. లోపల నుంచి వెర్లీన్ గొంతు డొల్లగా వినిపించింది.

"ఏం కనిపిస్తోంది?"

"కిటికీ. పలకంత కిటికీ. లోపలంతా చీకటి."

"నేను చెయ్యి ఊపుతున్నానా, లేదా?"

రాయిస్ వంగి చూశాడు. "కనిపించట్లేదు."

"నా భుజాలు ఎక్కడున్నాయి?"

"కనిపించట్లేదమ్మా! ఏంటి ఈ ఆట?"

అప్పుడు వెర్లీన్ పిడికిలి బిగించి టాపు రేకుని కింద నుంచి గుద్దింది. ఒకసారి. మళ్ళీ. మళ్ళీ. షెడ్డంతా మోగింది.

గుమ్మం దగ్గర చేతికర్ర కింద పడిన చప్పుడైంది. "ఆపు! వెర్లీన్, ఆపు!" అన్నాడు హార్లన్. ఈ తొమ్మిది నెలల్లో అతని గొంతు అంత పైకి లేవడం ఎవరూ వినలేదు.

టెస్సా పరుగెత్తి తాతని పట్టుకుంది. వెర్లీన్ తలుపు తోసుకుని, కడ్డీలు పట్టుకుని, ఆయాసపడుతూ, ఒక్కొక్క కాలే బయటపెట్టి వచ్చింది. హెల్మెట్ తీసింది. జుట్టు నుదుటికి అతుక్కుపోయింది.

"ఆ చప్పుడు నీకెలా తెలుసు హార్లన్?"

హార్లన్ టెస్సా భుజం పట్టుకుని, కింద పడిన కర్ర కోసం చూశాడు.

"జనవరిలో రంగు గీకుతుంటే పుట్టీ బయటపడింది. పుట్టీ గీకితే సొట్టలు. మూడున్నాయి. పైనుంచి ఏదైనా పడితే సొట్ట లోపలికి పోవాలి. ఇవి బయటికి ఉబ్బాయి. సుత్తితో కొంత చదును చేసి, పైన పుట్టీ పెట్టి రంగేశావు. నా పిడికిలి పెట్టి చూశాను, కొంచెం చిన్నదైంది. నీ పిడికిలికి సరిగ్గా సరిపోతుంది."

రాయిస్ బండి మీద చెయ్యి వేసి ఆ గుర్తులు తడుముతున్నాడు. "నాన్నా?"

"రెండు నెలలు ఆగాను, నీ అంతట నువ్వే చెప్తావేమోనని," అంది వెర్లీన్. "ఆ కాలిన ఏడాదే వెనక చిన్న ఎర్ర దీపం పెట్టావు. 'ఇది వెలిగితే నెట్టడం ఆపెయ్' అన్నావు. సోకుకి పెట్టావనుకున్నాను. గొట్టం ఊడింది దూరంగా కాదు కదూ? నేను నెడుతున్నప్పుడే ఊడింది."

హార్లన్ పక్కనున్న పాత టైరు మీద కూర్చున్నాడు. మాటలు నెమ్మదిగా వచ్చాయి. కొన్నిటిని వెతుక్కోవలసి వచ్చింది.

"నెట్టడం మొదలెట్టిన కాసేపటికే ఊడింది. అంతకుముందే ఇంజను వేడెక్కించి ఉంచాం, మరిగే నీళ్ళు కాలి మీద పడుతున్నాయి. బ్రేకు వేస్తే ట్రక్కు నా మీదకి ఎక్కుతుంది, నీకూ దెబ్బ తగులుతుంది. చెయ్యి ఊపాను. టాపు గుద్దాను."

"నేనేమో ఇంజను అందుకోలేదేమో, ఇంకాస్త వేగం కావాలేమో అనుకుని," అంది వెర్లీన్. "ఇంకా తొక్కాను. బండి అటూ ఇటూ ఊగుతుంటే ఇంకా గట్టిగా తొక్కాను. గుర్తుంది నాకు. 'పద, పద' అని అరిచాను కూడా."

"నీ తప్పు కాదు. ఆ చోట ఎవరున్నా అదే చేస్తారు. అంద‌కపోతే ఇంకా నెట్టమని నేనే నేర్పాను నీకు."

"మరి టాపు బతికించిందని ఎందుకన్నావు? ముప్పై ఆరేళ్ళు ఎందుకు టోపీదే కావాలన్నావు?"

"టోపీది వద్దంటే ఎందుకు వద్దని అడుగుతావు. అడిగితే చెప్పాలి. చెప్తే నువ్వు మళ్ళీ ఆ ట్రక్కు ఎక్కేదానివా?"

"ఎక్కేదాన్ని కాదేమో."

"అందుకే."

టెస్సా ముక్కు ఎగబీల్చింది. రాయిస్‌కి కళ్ళనిండా నీళ్ళు. అతనికి చిన్నప్పుడు ఆ టాపు అంటే దేవుడంత. తండ్రిని కాపాడిన టాపు. సెలవుల్లో దాన్ని తుడిచి మెరిపించేవాడు.

వెర్లీన్ మాత్రం ఏడవలేదు. నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఎక్కాలా వద్దా అనేది నేను చెప్పాల్సిన మాట హార్లన్. నా మాట నువ్వే చెప్పేసుకున్నావు. నేను తట్టుకోలేనని నువ్వే తేల్చేశావు. ఇప్పుడు వీడొచ్చాడు. నా వయసు వీడు లెక్కేస్తాడు, నా తుంటి వీడు తూస్తాడు. మీ ఇద్దరికీ నేనంటే ప్రేమే, కాదనను. ఆ ప్రేమ ముందు నన్నడిగి తర్వాత తలుపు వెయ్యాలి. అడక్కుండా నెత్తి మీద మూత పెడితే నాకు ఊపిరాడదు."

"అమ్మా..."

"నా మాట అవలేదు. బోడిది ఎందుకంటున్నానో ఒక్కసారైనా అడిగారా? మొదటి ఆరేళ్ళూ నేను ఈయన వీపు చూస్తూ నెట్టాను. భయమేస్తే ఈయన భుజాలు చెవుల దాకా లేస్తాయి. ధైర్యంగా ఉంటే కిందకి దిగుతాయి. చెయ్యి ఎత్తితే వదిలేసేదాన్ని. మనిషిని నెడుతున్నానని తెలిసేది. తర్వాత ముప్పై ఆరేళ్ళు రేకు డబ్బాని నెట్టాను. లోపలున్నాడో పోయాడో తెలీదు. అటు చివర ట్రక్కు ఆపి, తలుపు తీసి, మొహం చూసేదాకా ఊపిరి తీసేదాన్ని కాదు. ఏటా."

హార్లన్ తలెత్తాడు. "ఎప్పుడూ చెప్పలేదు నువ్వు."

"నువ్వు చెప్పావేంటి?"

ఆ మాటకి హార్లన్‌కి నవ్వొచ్చింది. నవ్వు సగంలోనే ఏడుపైంది. పక్షవాతం వచ్చాక అతనికి ఆ రెండూ ఒకేసారి వస్తుంటాయి. ఎడంచేత్తో మొహం తుడుచుకుని, కొడుకుతో అన్నాడు: "రాయిస్, ఆ గొలుసు దించు. బోడిదాన్ని దింపుదాం."

"నాన్నా, ఆలోచించి..."

"గొలుసు దించమన్నాను. కాగితం సంగతి మీ అమ్మ చూసుకుంటుంది."

టెస్సా పరుగున వెళ్ళి కాగితం, పెన్ను తెచ్చింది. బండి బానెట్ మీద పెట్టి వెర్లీన్ ఆ గడి నింపింది.

మధ్యాహ్నం దాకా బోల్టులు విప్పారు, బిగించారు. రాయిస్ ప్రతి బోల్టూ రెండుసార్లు బిగించాడు. హార్లన్ టైరు మీద కూర్చునే, "అది కాదు, పక్కది. కళ్ళెక్కడున్నాయిరా?" అంటూ ఎడంచేత్తో గొలుసు లాగాడు.

మే నెల మూడో ఆదివారం, ఎండు చెరువు మీద పొద్దుటెండ తెల్లగా పరుచుకుంది. నేలంతా పలకలు పలకలుగా పగిలి గట్టిగా ఉంది. అధికారి గడియారం నొక్కగానే వెర్లీన్ పట్టీలు విప్పి, అంచు మీద చేతులు ఆనించి, మీద నుంచి కాళ్ళు తిప్పి దిగిపోయింది. టాప్ లేదు కాబట్టి తల వంచాల్సిన పని లేదు, తుంటి మడవాల్సిన పనీ లేదు. "మీ ముందొచ్చిన కుర్రాడు ఇంతకన్నా నిదానం," అన్నాడు అధికారి.

ఈ ఏడాది నేను రానని మార్చిలోనే ఒట్టేసిన రాయిస్, మంచినీళ్ళ డబ్బా మోసుకుని అందరికన్నా ముందే వచ్చాడు. వంగి ఆమె నడుం పట్టీ గట్టిగా లాగాడు.

"ఊపిరాడుతోందా?"

"అడిగావు కదా, ఆడుతోంది."

వెనక ట్రక్కులో టెస్సా, పక్కన హార్లన్. బంపరుకి కట్టిన పాత టైరు ముక్క వచ్చి బండికి మెత్తగా తగిలింది. ఆ తాకిడి వెర్లీన్ నడుములోకి దిగింది. ఇన్నేళ్ళూ తాను ఇచ్చిన తాకిడి ఇలా ఉంటుందని ఆమెకి అప్పుడే తెలిసింది. నేల కదిలింది. ఇరవై, ముప్పై. గాలి హెల్మెట్‌ని పట్టుకుని ఊపింది. నలభై అయిదు దగ్గర వెర్లీన్ క్లచ్ వదిలింది. ఇంజను రెండుసార్లు దగ్గి, మూడోసారి గర్జించింది. చేతులు బయటికి పోకుండా కట్టిన పట్టీ ఉన్నంత మేర ఎడంచెయ్యి పైకెత్తింది. వెనక నుంచి తాకిడి ఆగిపోయింది. ఆమె చెయ్యి కనిపించింది వాళ్ళకి.

ఆ తర్వాత ఆమె ముందు తెల్లటి నేల, నెత్తిన ఆకాశం తప్ప ఇంకేమీ లేవు. గొంతెత్తి అరిచింది. ఏమని అరిచిందో ఆమెకే తెలీదు.

అటు చివర బండి ఆపి, హెల్మెట్ తీసి, ఒడ్డున నిలబడింది. ట్రక్కు దుమ్ములోంచి వచ్చి ఆగింది. వెనక తొట్టిలోంచి రాయిస్ దూకాడు.

"ఎంత?" అంది వెర్లీన్.

"నూట ఇరవై నాలుగంట."

"ఇంకొకటి తొక్కాల్సింది."

"కొత్తవాళ్ళని నూట ఇరవై అయిదు దాటనివ్వరమ్మా."

"అందుకేగా ఆగింది."

హార్లన్ ట్రక్కు దిగి, ఒకరి చెయ్యీ పట్టుకోకుండా, కర్ర ఊతంతో ఆ పగుళ్ళ నేల మీద నడిచి వచ్చాడు. చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు. ఆమె ముందు నిలబడ్డాడు. చెంపలు తడిసి ఉన్నాయి.

"నీ భుజాలు చూశాను," అన్నాడు.

"ఏం చేశాయి?"

"కదల్లేదు. కనిపించినంతసేపూ కిందే ఉన్నాయి."

"మరి ఏడుస్తావేం?"

"నావి లేచాయి. టెస్సాని అడుగు, చెవుల దాకా లేచాయి. నువ్వు చెయ్యి ఎత్తేదాకా ఊపిరి తీసుకోలేదు నేను. ఇన్నేళ్ళూ ఆ ట్రక్కులో నువ్విలాగే కూర్చున్నావా వెర్లీన్?"

అప్పుడు వచ్చాయి ఆమెకి కన్నీళ్ళు. మార్చిలో రానివి, ముప్పై ఆరేళ్ళ కిందట రానివి, అన్నీ ఒకేసారి వచ్చాయి. తుడుచుకోలేదు. రెండు చేతులూ అతని భుజాల మీద వేసి, నెమ్మదిగా కిందకి నొక్కింది.

"దించు ఇంక," అంది. "జూన్ పరుగులో మళ్ళీ ఎత్తుదువు గాని."